గాజు గొట్టంలో నీళ్ళ గీత

మా బావని ఆస్పత్రిలో అందరూ స్తోత్రం మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయనకి తెలియదు. తెలిస్తే దానికీ ఒక స్తోత్రం చెప్పేవాడు. బస్సు దొరికితే దేవుడికి స్తోత్రం. బస్సు తప్పిపోతే నడవడానికి కాళ్ళు ఇచ్చినందుకు స్తోత్రం. ఒకసారి మా అక్క పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చేస్తే, ఇల్లు తగలబడనందుకు స్తోత్రం అన్నాడు. "ముందు ఈ గిన్నె తోమి, తర్వాత చెప్పు" అంది అక్క. ఆయన చొక్కా చేతులు మడుచుకుని నిజంగానే కూర్చుని తోమాడు. అలాంటి మనిషి మీద ఎవరైనా ఎంతసేపు కోపం పెట్టుకోగలరు? నేను పెట్టుకున్నాను, రెండేళ్ళు.

ఆయన పని బాయిలర్ దగ్గర. ఆస్పత్రి వెనక దుప్పట్లు, గౌన్లు ఉతికే లాండ్రీ ఉంది, దాన్ని ఆనుకుని బాయిలర్ గది. ఆ గదిలో నీళ్ళు కాగి ఆవిరి అయితేనే మా లాండ్రీలో మిషన్లు నడుస్తాయి. ఇరవై ఆరేళ్ళుగా పగటి డ్యూటీ ఆయనదే. గోడకి ఇవతల మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం. నేను పెద్ద వేడి రోలర్ మీదికి తడి దుప్పట్లు ఎక్కిస్తాను, అటువైపు ఇంకొకామె అందుకుని మడత పెడుతుంది. నా వీపు ఎప్పుడూ ఆ గోడకే. చలికాలం పొద్దున్నే అందరూ వచ్చి దానికి ఆనుకుని నిలబడేవాళ్ళు. "మీ బావ పుణ్యమా అని వెచ్చగా ఉంది" అనేవాళ్ళు.

నేను పనిలో చేరిన రోజున బావ నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి చూపించాడు. ఆయనకి ఆ గది చూపించడం అంటే కొత్త ఇల్లు చూపించినంత సంబరం.

"మరదలా, దీని ప్రాణం ఎక్కడుందో తెలుసా?" అని బాయిలర్ ముందు నిలువుగా బిగించిన మూరెడు గాజు గొట్టాన్ని చూపించాడు. "లోపల నీళ్ళు ఎంత ఎత్తులో ఉంటే ఇందులోనూ అంతే ఉంటాయి. అదిగో, సగం దగ్గర సన్నటి గీత కనిపిస్తోందా? నీళ్ళు అక్కడిదాకా ఉన్నట్టు. ఆ గీత కనిపిస్తున్నంతసేపూ అంతా క్షేమం."

"కనిపించకపోతే?"

"అప్పుడే చిక్కు. గొట్టం నిండా నీళ్ళున్నా గీత కనిపించదు, గొట్టం పూర్తిగా ఖాళీ అయినా కనిపించదు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. కొత్తవాళ్ళు పొరపాటు పడేది అక్కడే. అందుకే కింద ఈ చిన్న కుళాయి. తిప్పితే నీళ్ళు వచ్చాయా, నిండుగా ఉన్నట్టు. ఒట్టి ఆవిరి వచ్చిందా..."

"వస్తే?"

"మంట ఆపేసి బయటికి పరుగెత్తాలి. పొరపాటున కూడా చన్నీళ్ళు పెట్టకూడదు. ఎర్రగా కాలిన రేకు మీద చన్నీళ్ళు పడ్డాయంటే ఈ గదీ ఉండదు, మీ గదీ ఉండదు" అని గోడ వైపు చెయ్యి ఊపి నవ్వాడు. నీళ్ళు తగ్గితే మోగడానికి ఒక గంట కూడా ఉండేదట. అది మూగబోయి చాలా కాలమైంది. బాగుచేయించమని ఆయన మూడుసార్లు రాసిచ్చాడు. చేయిస్తామన్నారు, అంతే.

ఇక నా కోపం సంగతి. నా భర్త పోయిన రోజున ఇంటి నిండా జనం. నేను తల గోడకి కొట్టుకుంటున్నాను. బావ వచ్చి నా పక్కన కూర్చుని, "ఎక్కువ బాధ పడకుండా పోయాడమ్మా, దేవుడికి స్తోత్రం" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ స్తోత్రాలు నువ్వే ఉంచుకో, నా ఇంట్లోంచి లే" అన్నాను, అంతమందిలో. ఆ తర్వాత రెండేళ్ళు నేను చర్చి గడప తొక్కలేదు. అక్క ఆదివారాలు పిలిచి పిలిచి విసిగిపోయింది. బావ ఒక్కసారి కూడా పిలవలేదు. గోడ అవతల తన పని చేసుకుంటూ, సాయంత్రం నా సంచీ మోసుకుంటూ నాతోపాటు బస్టాపు దాకా నడిచేవాడు, మాట్లాడకుండా.

ఇంతలో ఆయన కళ్ళకి జబ్బు చేసింది. ఎదుటి మనిషి మొహం మధ్యలో ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు మసక. చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. కళ్ళ డాక్టరు చూసి, దానంతట అది తగ్గొచ్చు, మళ్ళీ రావొచ్చు కూడా, జాగ్రత్తగా ఉండమన్నాడు. బావ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. చర్చి సంఘం వాళ్ళు వరసగా నాలుగు శుక్రవారాలు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. ఐదో వారం ఒక పొద్దున్న మా తలుపు తట్టాడు. నేను బట్టలు ఉతుక్కుంటున్నాను. ఆయన కింద పడి ఉన్న సబ్బు కాగితం తీసి, దాని మీదున్న సన్న అక్షరాలన్నీ, ఫ్యాక్టరీ చిరునామాతో సహా, గడగడా చదివాడు. చదివి వెక్కి వెక్కి ఏడ్చాడు. సబ్బు కాగితం చదివి ఏడ్చిన మగవాణ్ణి నేను ఆయన్ని తప్ప ఎవర్నీ చూడలేదు. నేనూ ఏడ్చాను. ఆ ఆదివారం తలకి గుడ్డ కప్పుకుని వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను.

మా సంఘంలో నెలకో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమకి చేసిన మేలు లేచి నిలబడి అందరికీ వినిపిస్తారు. ఆ రోజు బావ చెప్పాడు. అప్పటినుంచి ప్రతి నెలా పాస్టరుగారు ఆయన్నే ముందు లేపేవారు. పక్కవీధుల వాళ్ళు కూడా వినడానికి వచ్చేవారు. మేస్త్రి కళ్ళ సంగతి విని సంఘంలో చేరినవాళ్ళు పదకొండు మంది. మొదటిదాన్ని నేను. బావ ప్రతిసారీ చివర్లో, "నా కళ్ళకన్నా నా మరదలు తిరిగి రావడమే నాకు పెద్ద మేలు" అనేవాడు. నేను తల వంచుకునేదాన్ని, సిగ్గుతోనూ కొంచెం గర్వంతోనూ.

ఇది మూడేళ్ళ కిందటి మాట. ఆ జబ్బు మళ్ళీ వచ్చింది.

మొదట నాకు నవ్వులాటగానే ఉంది. మాట్లాడేటప్పుడు నా మొహం మీద కాకుండా కొంచెం పక్కకి చూస్తున్నాడు. "ఏం బావా, నాతో మాట్లాడుతున్నావా, నా చెవి కమ్మలతోనా?" అన్నాను. నవ్వాడు, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. ఇంకో రోజు ఇంటి ప్రార్థనలో ఆయన వాక్యం చదువుతున్నాడు. ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. ఆయన ఆపలేదు. పాత పేజీలో ఉన్నదే అలా చదువుతూ పోయాడు, ఒక్క మాట తడబడకుండా. కళ్ళు మాత్రం పుస్తకం మీదే ఉన్నాయి. నేను తలెత్తి అక్క వైపు చూశాను. అక్క కళ్ళు మూసుకుని ఉంది, చాలా గట్టిగా.

మర్నాడు టీ పట్టుకుని బాయిలర్ గదికి వెళ్ళాను. గంట గంటకీ నీళ్ళ మట్టం రాయాల్సిన రిజిస్టరు బల్ల మీద ఉంది. రెండు నెలల పేజీలు తిప్పాను. ప్రతి గంటకీ ఒకే మాట: సగం. సగం. సగం. వెనకటి పేజీల్లో అలా లేదు, ఒకచోట సగానికి కొంచెం పైన, ఒకచోట కింద, అని ఉండేది. ఇప్పుడు అక్షరాలు గీత మీద నిలబడక కిందికి జారిపోతున్నాయి. ఆయన పంపు మీద చెయ్యి పెట్టి, తల వంచి దాని చప్పుడు వింటున్నాడు. నేను వచ్చినట్టు ఆయనకి తెలియలేదు.

ఆ సాయంత్రం అక్కని వంటింట్లో నిలదీశాను.

"నాకు తెలుసు" అంది. ఉల్లిపాయలు తరుగుతోంది, తల ఎత్తలేదు.

"ఎన్నాళ్ళనించి?"

"రెండు నెలలు."

"డాక్టరు దగ్గరికి?"

"ఒక్కసారి వెళ్ళాం, ఎవరికీ తెలియకుండా. ఈసారి పూర్తిగా తగ్గే ఆశ లేదన్నాడు."

"అక్కా, ఆయన కూర్చునేది మంట ముందు! గోడకి అవతల మేమున్నాం!"

"ఇరవై ఆరేళ్ళ పని. చేతులకి తెలుసు అంటాడు."

"చేతులకి తెలిస్తే సరిపోయిందా? నీళ్ళకి తెలియొద్దూ?"

అక్క కత్తి పక్కన పెట్టింది. "ఉద్యోగం పోతుందని కాదే ఆయన భయం. ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టట. కళ్ళు పోయాయని నోటితో అంటే అది కృతజ్ఞత లేనితనమట. రోజూ మోకాళ్ళ మీద పడి, బాగు చేసినందుకు స్తోత్రం అంటాడు, బాగవ్వకుండానే. ఇంకోటి కూడా." ఆగింది. "నువ్వు మళ్ళీ గడప తొక్కవని. మిగతా పదిమంది సంగతి దేవుడు చూసుకుంటాడు, మరదలు మాత్రం ఈసారి పోతే మళ్ళీ రాదు అంటాడు."

నేనక్కడే పీట మీద కూర్చుండిపోయాను. ఎవరికైనా చెబుదామని అప్పటిదాకా అనుకున్నదాన్ని, చెప్పలేదు. ఇది నేను ఒప్పుకోవాల్సిన మాట. ఇంకో రెండు నెలలు నాకు తెలిసి ఉండి కూడా నోరు మూసుకున్నాను. మింగలేను, కక్కలేను. లాండ్రీలో నాతోపాటు పనిచేసేవాళ్ళలో ఒకామె ఆరో నెల గర్భిణి. ఆమె రోజూ నా పక్కనే నిలబడేది.

బదులుగా నేనొక పని మొదలుపెట్టాను. రోజుకి నాలుగుసార్లు టీ అనో, మంచినీళ్ళనో, ఏదో వంకతో బాయిలర్ గదిలోకి వెళ్ళి ఓరకంట ఆ గొట్టం చూసేదాన్ని. "బావా, ఇవాళ గీత సగానికి చక్కగా ఉందే" అనేదాన్ని. "ఆఁ, ఇప్పుడే చూశాలే" అనేవాడు. ఒకరోజు గీత బాగా కిందికి ఉంది. "ఏంటి బావా, కొంచెం దిగినట్టుంది?" అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని. ఆయన మొహం మారలేదు. "అవును, పెడదామనే లేచాను" అని పంపు దగ్గరికి నడిచాడు. ఇద్దరం అబద్ధమే ఆడుతున్నాం, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరికొకరు థాంక్స్ చెప్పుకున్నంత మర్యాదగా ఆడుతున్నాం.

ఆ రోజుల్లో నేను కూడా స్తోత్రాలు చెప్పడం మొదలుపెట్టాను. ఐదు గంటలకి సైరన్ మోగి మిషన్లు ఆగగానే, ఇవాళ్టికి గడిచింది, దేవుడా స్తోత్రం, అనుకునేదాన్ని. బావని అంత వెక్కిరించినదాన్ని. కానీ అందులో ప్రేమ లేదు, వట్టి భయం. కృతజ్ఞత అంటే ఇదేనా అని నాకే అసహ్యం వేసేది. పొద్దున్న లేవగానే మళ్ళీ వీపు వెనక ఆ గోడే గుర్తొచ్చేది. ఆ ఏడాది చలి వచ్చినప్పుడు ఆడవాళ్ళు గోడకి ఆనుకుంటుంటే, పని ఉంది కదలండి అని కసురుకున్నాను. ఎందుకు అలా అరుస్తున్నావని వాళ్ళు నొచ్చుకున్నారు.

ఒక మంగళవారం. ఆపరేషన్ల గది నుంచి రెండింతలు బట్టలు వచ్చిపడ్డాయి. తొమ్మిదిన్నరకి ఒకసారి వెళ్ళి చూశాను, గీత ఉంది. తర్వాత ఊపిరి సలపలేదు. పదకొండు దాటాక రోలర్ మీంచి దుప్పట్లు తడిగానే బయటికి రావడం మొదలైంది. అటువైపున్నామె, "ఆవిరి చాలట్లేదు, మీ బావ నిద్రపోయాడేమో" అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏదో వాసన తగిలింది. పెయింట్ మాడుతున్న వాసన. చేతిలో దుప్పటి వదిలేసి వెళ్ళాను.

పంపు చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిపోయిందో ఏమో, మోటారు చల్లగా ఉంది. కింద మంట మాత్రం హోరుమంటోంది, ఆ హోరులో పంపు ఆగిన సంగతి ఆయన చెవికి అందలేదు. బావ బాయిలర్ అడుగున పెద్ద వాల్వు దగ్గర వంగి ఉన్నాడు. లోపలి నీళ్ళు బయటికి వదిలే వాల్వు అది. ఆయన దాన్ని తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"గొట్టం నిండిపోయింది. నీళ్ళు ఎక్కువై ఆవిరి తడిగా పోతోంది. కొంచెం దించుతున్నా."

గొట్టం వైపు చూశాను. గీత లేదు. పైనుంచి కిందిదాకా ఒక్కలాగే తేటగా ఉంది. నిండుగా ఉన్నట్టే ఉంది. నాకు మంచి కళ్ళున్నాయి కదా, నాకూ తెలియలేదు.

"కుళాయి తిప్పి చూశావా?"

"చూశా. నీళ్ళొచ్చాయి."

"చూశావా?"

నేను ముందుకి వెళ్ళి గొట్టం కింది చిన్న కుళాయి తిప్పాను. బుస్సుమని ఆవిరి నా మణికట్టు మీద కొట్టింది. ఒట్టి ఆవిరి. చుక్క నీళ్ళు లేవు. చర్మం ఊడిపోయిందనుకున్నాను. "నీళ్ళు లేవు బావా! చుక్క లేదు! వాల్వు కట్టెయ్" అని అరిచి, మంటకి వెళ్ళే నూనె వాల్వు మూసేశాను. హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఇనుము లోపలెక్కడో టక్, టక్ అని మూలుగుతోంది.

బావ మొహం తెల్లగా పాలిపోయింది. ఆయన వాల్వు కట్టేసి, లేచి, గోడ వెంట తడుముకుంటూ రెండో పంపు వైపు వెళ్ళాడు. "నీళ్ళు పెట్టనీ, నీళ్ళు పెట్టనీ" అంటున్నాడు. ఇరవై ఆరేళ్ళు నేర్చుకున్నదంతా ఆ క్షణంలో మరిచిపోయాడు. స్విచ్చి మీద వేలు పడేలోపు ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం కింద పడ్డాం. "నువ్వే చెప్పావు కదా పెట్టొద్దని! నువ్వే చెప్పావు!" అని ఆయన వీపు మీద పిడికిళ్ళతో కొట్టాను. తర్వాత చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, లాండ్రీ తలుపు దగ్గర గొంతు చించుకున్నాను.

ఎనిమిది మందిమీ ఆవరణ చివరి చెట్టు కింద గంటసేపు నిలబడ్డాం. లోపలి నుంచి టక్, టక్ చప్పుడు వస్తూనే ఉంది, ఒక్కోసారి ఆగేది, ఆగినప్పుడు ఇంకా భయం వేసేది. గర్భిణి పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. బావ మా అందరికీ దూరంగా, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అది పేలలేదు.

సాయంత్రం ఇంజనీరు వచ్చి చూశాడు. లోపలి గొట్టాలు వంగిపోయాయి, మార్చాలి, పది రోజులు పడుతుందన్నాడు. తప్పు పంపుది, మూగబోయిన గంటది అని తేల్చాడు. అప్పటికప్పుడు కొత్త గంట పెట్టమన్నాడు. పోతూ పోతూ బావ భుజం తట్టి, "నీలాంటి పాతకాపు ఉండబట్టి మంట ఆపగలిగారు. ఇంకొకడైతే ఆస్పత్రే లేచిపోయేది. ఆ పది రోజులూ అయ్యాక నువ్వే వెలిగించాలి" అన్నాడు. నేను బావ వైపు చూశాను. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. ఆయన తల ఊపాడు.

ఆదివారం వచ్చేసరికి కథ సంఘమంతా పాకిపోయింది. అందులో కళ్ళ సంగతి లేదు, అద్భుతం మాత్రమే ఉంది. పేలాల్సిన బాయిలర్ పేలలేదు, తొమ్మిది ప్రాణాలు దక్కాయి. చర్చిలో ఇసక వేస్తే రాలనంత జనం. నా మణికట్టుకి కట్టు ఉంది, వచ్చినవాళ్ళందరూ దాన్ని పట్టుకుని చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. పాస్టరుగారు బావని ముందుకి పిలిచారు. ఆయన అక్క చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళి, ప్రసంగం బల్ల అంచు దొరికాక ఆమె చెయ్యి వదిలాడు. అది చూసింది నేనొక్కదాన్నే.

చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు బాగుంది, ఎప్పటిలాగే. పంపు ఆగిందట, గంట మోగలేదట, దేవుడు మరదల్ని పంపాడట. ప్రతి మాటా నిజమే. జనం ఆమెన్, ఆమెన్ అంటున్నారు. "మూడేళ్ళ కిందట నాకు కళ్ళిచ్చిన దేవుడు" అన్నాడు. ఇది ఇంకో సాక్ష్యం అయిపోతుంది, వచ్చే నెల మళ్ళీ చెప్పిస్తారు. ఆ తర్వాత మంట వెలుగుతుంది, ఆయన ఆ గొట్టం ముందు కూర్చుంటాడు, ఆ గర్భిణి నా పక్కన నిలబడుతుంది.

నేను లేచాను. కాళ్ళు లేచాయి, నేను లేపలేదు.

"బావా, నీకు కనిపించదు" అన్నాను.

ఆమెన్‌లు ఆగిపోయాయి. "అయ్యగారూ, మా బావకి కళ్ళు పోయి నాలుగు నెలలైంది. మంగళవారం ఆయనకి నీళ్ళు లేవని తెలియలేదు. నాకు ముందే తెలుసు, నేనూ దాచాను. పేలి ఉంటే ఆ పాపం నాదీ."

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కదల్లేదు. వెనక బెంచీల్లో గుసగుసలు. పాస్టరుగారు మంచివారు, నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "అయితే మళ్ళీ ప్రార్థన చేద్దాం. అప్పుడు చేసినవాడు ఇప్పుడూ చేస్తాడు" అన్నారు. పెద్దలందరూ ముందుకొచ్చారు. బావని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తల మీద, భుజాల మీద, కళ్ళ మీద చేతులుంచారు. జనమంతా లేచి ప్రార్థించారు. ఆయన సాక్ష్యం విని చేరిన మిగతా పదిమందీ ఏడుస్తూ ప్రార్థించారు. నేనూ చేశాను. నిజంగా చేశాను. ఎంతసేపు గడిచిందో తెలియదు.

చేతులు తీశారు. బావ కళ్ళు తెరిచాడు.

"అన్నా, ఇప్పుడు కనిపిస్తోందా?" అన్నారు పాస్టరుగారు.

ముందు వరసలో ఒకావిడ హల్లెలూయా అనడానికి అప్పటికే నోరు తెరిచింది. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. కనిపిస్తోంది అంటాడు. అంతమంది ఎదురుచూస్తుంటే, ఆ ఒక్క మాట ఇవ్వకుండా ఎలా ఉంటాడు? ఆయన స్థానంలో నేనుంటే అదే అనేదాన్ని.

"లేదు అయ్యగారూ" అన్నాడు బావ.

ఇంకోసారి కళ్ళు మూసి తెరిచాడు. "కనిపించట్లేదు. మీ మొహం కనిపించట్లేదు. పోయినసారి కనిపించింది, అది అబద్ధం కాదు. ఇదీ అబద్ధం కాదు." చేతులు జోడించాడు. "నేను ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఎనిమిది మంది ఆడపిల్లల్ని గోడ అవతల పెట్టుకుని. రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి చెప్పేస్తాను. మా మరదలు తీసుకెళుతుంది. వాళ్ళందరూ నన్ను క్షమించాలి."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు ఏదో అనబోయి, ఆగి, వంగి ఆయన్ని లేపారు. ఆ రోజు పాట లేకుండానే ఆరాధన ముగిసింది. ఆ పదిమందిలో నలుగురు మళ్ళీ రాలేదు. వాళ్ళని నేను తప్పు పట్టలేను. నా మట్టుకి నాకు, నా భర్త పోయాక మొదటిసారి, ఈ మనిషి నమ్మే దేవుణ్ణి నేను నమ్మగలననిపించింది. సబ్బు కాగితం చదివిన రోజున కూడా అంత బలంగా అనిపించలేదు. ఎందుకో సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

జనం మా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతున్నారు. అక్క వెనక ఎవరితోనో మాట్లాడుతోంది. గుమ్మం దగ్గర నేను బావ చెయ్యి పట్టుకున్నాను. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు, నా మొహం మీదే, పక్కకి కాకుండా. అలా చూస్తే ఆయనకి ఏమీ కనిపించదని నాకు తెలుసు.

"అమ్మాయ్" అన్నాడు, భయపడుతూ, "నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఏడుస్తున్నాను బావా" అన్నాను.

ఈసారి ఆయన స్తోత్రం అనలేదు. నేను ఏడవడం అయిపోయేదాకా ఆ గుమ్మంలోనే, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.